వదులుగా చేసినందువల్ల కాదు

భాగాలు వదులుగా ఉండటమే కలాష్నికోవ్ రైఫిల్ మన్నికకు కారణమని, అమెరికాలోకి రష్యా తుపాకుల రాకకు 2014 ఆంక్షలే తొలి అడ్డంకి అని వ్యాసకర్త రాశారు. రెండింటితోనూ ఏకీభవించలేను.

ఖాళీ ఎక్కడ అవసరమో అక్కడే ఉంచారు. తూటాను వెనుక నుంచి మూసిపట్టే బోల్ట్ బిగుసుకునే చోట కొలతలు కచ్చితంగానే ఉంటాయి. పేలుడు వాయువు నెట్టే పిస్టన్, బోల్టును మోసే బోల్ట్ క్యారియర్ ఒకే బరువైన ముక్కగా కదులుతాయి కాబట్టి ఆ ఊపుకు మసి, మట్టి అంత సులువుగా అడ్డుపడవు. తూటా తొడుగు ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, అందుకే పేలాక తేలికగా ఊడి వస్తుంది. బ్యారెల్ లోపలి క్రోమియం పూత తుప్పును అడ్డుకుంటుంది. ఇదంతా ఒక్కరోజులో కుదరలేదు. తొలి నమూనాలో రేకును అచ్చొత్తి చేసిన రిసీవర్లు (కదిలే భాగాలను పట్టి ఉంచే తుపాకీ పెట్టెలు) ఎక్కువగా పనికిరాకుండా పోవడంతో, ఉక్కు దిమ్మను చెక్కి చేయవలసి వచ్చింది. రేకు రిసీవరు నిలదొక్కుకున్నది 1959లో, మెరుగుపరిచిన ఏకేఎం నమూనాతో. ఇంత శ్రమను పక్కనపెట్టి దాన్ని మొరటు తుపాకీ అనడం అన్యాయం.

ఇక దిగుమతులు. 1996లోనే అమెరికా, రష్యా ఒప్పందం చేసుకున్నాయి. జాబితాలో ఉన్న నమూనాలకే అనుమతి. పాత మోసిన్-నాగాంత్ 91/30 రైఫిల్‌కు, కలాష్నికోవ్ తరహా సైగా రైఫిల్‌కు చోటు దొరికింది, మకరోవ్ పిస్తోలుకు దొరకలేదు. 2014 జూలైలో దాని తయారీదారు కలాష్నికోవ్ సంస్థపై అమెరికా ఆంక్షలతో సైగా ఆగింది. వెప్ర్ రైఫిళ్ల తయారీదారు మోలోత్ వంతు 2017లో వచ్చింది. రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీపై విషప్రయోగానికి ప్రతిచర్యగా 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులను అమెరికా నిలిపివేసింది. వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు. చవక రష్యా తూటాలపై ఆధారపడిన పాత రైఫిళ్ల యజమానులకు నేరుగా తగిలిన దెబ్బ అదే.