312 గీతల బొమ్మను కొత్త టీవీలు సరిగా చదవాలి
సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీది నుంచి మా పాత వీడియో గేమ్ దించాను. జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి నకలుగా 1990ల్లో మన ఊళ్లలో అమ్మిన సెట్లలో అదొకటి. హాల్లోని కొత్త టీవీకి పసుపు పిన్ను పెట్టే చోటు లేదు కనుక, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చౌక డబ్బా ఒకటి బజారు నుంచి తెచ్చి మధ్యలో పెట్టాం. బొమ్మ వచ్చింది గానీ, మారియో అడ్డంగా సాగి లావుగా ఉన్నాడు, నేల కుదుపుతూ కదులుతోంది. "మామయ్యా, నేను నొక్కాను, వాడే ఎగరలేదు" అంటూ మా అక్క కొడుకు జాయ్‌స్టిక్ నా చేతికిచ్చేశాడు. పాత సరుకు అలాగే ఉంటుందని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మన పాత టీవీ ప్రసారం పాల్ పద్ధతిలో 625 గీతలతో నడిచేది. వాటిని రెండు విడతలుగా, విడతకు 312న్నర చొప్పున గీసేవారు. ఆ అర గీత వల్లనే రెండో విడత గీతలు మొదటి విడత గీతల నడిమి ఖాళీల్లో పడేవి. మా సెట్ లాంటివి ఆ అర గీతను వదిలేసి విడతకు సరిగ్గా 312 గీతలు పంపుతాయి. అందువల్ల ప్రతి విడతా పాత గీతల మీదే పడి, సెకనుకు 50 పూర్తి బొమ్మలు నిలకడగా కనిపిస్తాయి. పిక్చర్ ట్యూబ్ వచ్చిన గీతను వచ్చినట్టే గీసేది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. ఈ చౌక డబ్బాలు మాత్రం దాన్ని సగం బొమ్మగా పొరబడి పక్క విడతతో కలిపి కుడతాయి. 1985 నాటి ఆ ఆటలో దెబ్బ తిన్న మారియో ఒక ఫ్రేములో, అంటే ఒక పూర్తి బొమ్మలో, కనిపించి మరో ఫ్రేములో మాయమవుతూ మిణుకుమంటాడు. ఈ కుట్టుపనిలో అతని ఒళ్లు దువ్వెన పళ్లలా చీలిపోతుంది. పైగా ఈ డబ్బా టీవీకి సెకనుకు 60 ఫ్రేములు పంపుతుంది. 50 ఫ్రేములను 60గా మార్చాలంటే సెకనుకు పదింటిని రెండోసారి చూపించాలి, నేల కుదుపు అక్కడిదే.

అన్నిటికంటే బాధించేది ఆలస్యం. డబ్బాకు వచ్చే ఒక్కో ఫ్రేము 20 మిల్లీసెకన్లు, టీవీకి చేరే ఒక్కో ఫ్రేము సుమారు 17. డబ్బాలో రెండు, టీవీలో రెండు ఆగితే 70 మిల్లీసెకన్లకు పైగా పోయినట్టే, గోతి అంచున పిల్లవాడికి అది చాలా ఎక్కువ. టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టి, బొమ్మను పాత టీవీల 4:3 ఆకారానికి మార్చాక మా వాడు కొన్ని గోతులు దాటాడు. డబ్బాలో జరిగే ఆలస్యాన్ని మాత్రం ఏ రిమోటూ తగ్గించలేదు.

దీనికి మందు లేదా అంటే, ఉంది. మైక్ చీ అనే ఇంజనీరు తయారుచేసిన రెట్రోటింక్ 2ఎక్స్ అనే మార్పిడి డబ్బా, ఫ్రేము మొత్తాన్ని ఆపి ఉంచకుండా, వచ్చిన గీతను వచ్చినట్టే రెండుగా గీసి పంపుతుంది. ఒక వ్యక్తి చేయగలిగిన పనిని లక్షల టీవీలు అమ్మే సంస్థలు చేయలేవంటే నేను నమ్మను. ఏవీ ఇన్‌పుట్ ఇచ్చే ప్రతి టీవీ ఈ 312 గీతల సిగ్నల్‌ను గుర్తించాలి, కనీసం మెనూలో ఒక ఎంపికగానైనా ఇవ్వాలి. మార్పిడి డబ్బాలు అమ్మేవాళ్లు, తమ డబ్బా 50 హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు 50 బొమ్మలను, అలాగే పంపుతుందో లేదో అట్టపెట్టె మీద అచ్చు వేయాలి.

ఇలాంటి సెట్లలో తెర మీది బాతులను కాల్చే ఆట తుపాకీకి మాత్రం ఇవేవీ పనికిరావు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును ఆ క్షణంలోనే చూడాలి, పైగా దాని సర్క్యూట్‌ను ట్యూబ్ తెర గీతల వేగానికి, అంటే సెకనుకు సుమారు 15 వేల గీతలకు (15 కిలోహెర్ట్జ్) కుదిర్చారు. మీ ఇంట్లో పనిచేసే 21 అంగుళాల ట్యూబ్ టీవీ ఇంకా ఉంటే, దయచేసి దాన్ని పాత సామాన్ల బండికి వేయకండి.