ఇంటికి పంపారంటే వదిలేశారని కాదు

చిత్తూరులో మా పెద్దమ్మకు మెడ పక్కన బిళ్ల కట్టింది. నొప్పి లేదని కొన్ని నెలలు ఎవరికీ చెప్పలేదు. బయాప్సీ చేస్తే ఫాలిక్యులర్ లింఫోమా, అంటే తెల్లరక్తకణాలకు వచ్చే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. డాక్టరు మాత్రం ఇప్పుడే మందులు వద్దు, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోండి అన్నారు. ఇక్కడ అమెరికాలో మాకు ఒకటే టెన్షన్. క్యాన్సర్ అని చెప్పి ఊరికే ఇంటికి పంపడమేమిటని అన్నను ఫోన్‌లో నిలదీశాను. అలా అడిగినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఈ జబ్బు చాలామందిలో నిదానంగా నడుస్తుంది. ఏ ఇబ్బందీ లేనప్పుడే కీమో మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదని పరిశోధనల్లో తేలింది. కనిపెట్టుకుని ఉండడమూ వైద్యమే.

ఈలోగా మా కజిన్స్ ఇద్దరు "మనకూ ఆ జీన్ ఉందేమో" అని రక్తపరీక్షల కోసం వెతకడం మొదలుపెట్టారు. వాళ్లు భయపడుతున్న జన్యు మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. ఒక తెల్లరక్తకణం తయారయ్యేటప్పుడు 14, 18 క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి. దాంతో కణాన్ని చావనివ్వని బీసీఎల్2 జన్యువు ఆగకుండా పనిచేస్తుంది. ఈ లింఫోమా ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ మార్పు ఉంటుంది, నిజమే. కానీ బాగా సున్నితమైన పరీక్ష చేస్తే, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో దాదాపు సగం మంది రక్తంలోనూ అక్కడొకటి ఇక్కడొకటిగా అలాంటి కణాలు కనిపిస్తాయి. వాళ్లలో అత్యధికులకు లింఫోమా రానే రాదు. పది వేల కణాల్లో ఒకటికి మించి ఉన్నవారికి ముప్పు బాగా ఎక్కువని 2014లో ఒక అధ్యయనం చెప్పింది. అయినా అలా తేలినవారికి ముందుగా ఇచ్చే మందేదీ లేదు. ఇలా జబ్బు లేకుండానే మార్పులు ఉండడం రక్తంలోనే కాదు: 2015లో మామూలు కనురెప్పల చర్మాన్ని పరీక్షిస్తే, దాదాపు పావు వంతు కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే రకం మార్పులు కనిపించాయి.

అందుకే, అమ్మానాన్నలకు జీన్ టెస్టు ప్యాకేజీలు బహుమతిగా కొనొద్దని మన సంఘంలో అందరినీ కోరుతున్నాను. చేతికొచ్చే కాగితం భయాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ డబ్బుతో తిరుపతికో, వేలూరుకో చెకప్‌కు తోడు వెళ్లే మనిషిని, కారును ఏర్పాటు చేయండి. పెద్దమ్మ చెకప్ తేదీలు ఇప్పుడు నా క్యాలెండర్‌లో ఉన్నాయి. జబ్బు కదులుతోందేమో తెలుసుకోవడానికి ముందురోజు ఫోన్ చేసి అడుగుతాను: రాత్రిపూట దుప్పటి తడిసేలా చెమట పడుతోందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గి రవికలు వదులయ్యాయా, కొత్తగా ఎక్కడైనా బిళ్ల తగిలిందా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి అన్నకు పంపిస్తాను.