పైన్ అడవుల చావులో పురుగు ఒక్కదాన్నే నిందిస్తే ఎలా?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పైన్ అడవులు ఎలా ఎండిపోయాయని అడిగితే అందరూ బెరడు పురుగు పేరే చెబుతారు. 1990ల చివర్లో విజృంభించిన ఆ పురుగు 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవిని దెబ్బతీసింది. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం కన్నా అది ఎక్కువ. కానీ ఆ పురుగు ఒంటరిగా రాలేదు.

అది బియ్యపు గింజంత ఉంటుంది. దాని నోటి దగ్గర బుల్లి సంచుల్లాంటి గుంటలుంటాయి. వాటి నిండా ఫంగస్ సిద్ధబీజాలు. పురుగు బెరడు తొలచగానే చెట్టు ఊరుకోదు, జిగురు కార్చి దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ జిగురులో విషాలుంటాయి. గ్రోస్మేనియా క్లావిజెరా అనే ఫంగస్ ఆ విషాలను తట్టుకోవడమే కాదు, కొన్నింటిని తిండిగా కూడా మార్చుకుంటుంది. చెట్టు ఆయుధమే శత్రువుకు అన్నమైపోతోంది! అక్కడి నుంచి ఫంగస్ కాండంలో నీళ్లు పైకెక్కే పొరలోకి పాకుతుంది. కొయ్య నీలంగా మారుతుంది, నీటి దారులు మూసుకుపోతాయి. మరుసటి ఏడాదికల్లా ఆకులు ఎర్రబడతాయి. వేళ్ల కింద తడి ఉన్నా చెట్టు దాహంతో చస్తుంది. పురుగుకూ ఇందులో లాభం ఉంది. పిల్లపురుగులు ఎదగడానికి కావలసిన నత్రజని బెరడు కింద తక్కువ. ఫంగస్ దాన్ని కొయ్యలోంచి లాగి పిల్లపురుగులకు అందిస్తుంది. ఎదిగిన పురుగులు మళ్లీ ఆ సిద్ధబీజాలు నింపుకుని కొత్త చెట్టు వెతుక్కుంటాయి.

వందల పురుగులు చుట్టూ తొలిచేస్తే ఫంగస్ లేకపోయినా చెట్టు చస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. కావచ్చు. కానీ ఫంగస్ అందించే ఆ తిండే లేకపోతే అన్ని వందల పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి?

నిజానికి ఈ జంట అక్కడి అడవులకు కొత్త కాదు. మారింది మనుషుల తీరు. రోజుల తరబడి మైనస్ 35, 40 డిగ్రీల చలి ఉంటే పిల్లపురుగులు చచ్చేవి. భూమి వేడెక్కాక అలాంటి చలికాలాలు తగ్గిపోయాయి. దశాబ్దాల పాటు ప్రతి కార్చిచ్చునూ ఆర్పేయడంతో ముదురు పైన్ చెట్లు గుట్టలుగా పోగుపడ్డాయి. ఎక్కువగా లాడ్జ్‌పోల్ పైన్ అనే ఒకే జాతి, ఇంచుమించు ఒకే వయసు. పురుగుకు వేసిన విస్తరి అది. ఇంత నష్టం చూశాక కూడా నరికిన చోట మళ్లీ పెద్ద ఎత్తున అదే లాడ్జ్‌పోల్ పైన్ నాటడాన్ని నేను క్షమించలేను. చెట్లు లెక్కపెట్టుకుని అడవి తిరిగొచ్చింది అనుకునే అలవాటు అన్ని ప్రభుత్వాలకూ ఉంది.

2006లో పురుగులు గాలివాటుగా రాకీ పర్వతాలు దాటి పెద్ద ఎత్తున తూర్పున పక్క రాష్ట్రమైన అల్బర్టాలో దిగాయి. అక్కడ జాక్ పైన్ అనే మరో పైన్ జాతికీ అంటుకున్నాయి. జాక్ పైన్ అడవులు తూర్పున అట్లాంటిక్ తీరం దాకా ఉన్నాయి.