కర్నూలులో ఉల్లిగడ్డ దొరకని ఒకే ఒక్క గది

కర్నూలులో ఉల్లిగడ్డ దొరకని చోటు ఒకటి ఉన్నదని చెబితే ఈ ఊరివారెవరూ నమ్మరు. పంట వచ్చే కాలంలో మార్కెట్ యార్డు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి; ధర పడిపోయిన ఏడు కోత కూలీ బండి బాడుగా కూడా గిట్టక రైతులు సంచులకు సంచులు దారి పక్కన గుమ్మరించి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతారు; పొద్దున్నే బండి దగ్గర నిలబడి ఉగ్గాణి తినేవాడి పొట్లంలో బొరుగులతో సమానంగా ఉల్లిముక్కలు ఉంటాయి. అయినా అటువంటి చోటు ఒకటి ఉన్నది. అది మా ఊళ్లోని ఒకానొక డిగ్రీ కళాశాలలో, మేడమీద, 'జన్యుశాస్త్ర ప్రయోగశాల' అనే బోర్డు వేలాడుతున్న గది. ఉల్లివేరు కొనలో కణవిభజనను పరిశీలించడమనే ప్రయోగం ఆ గదిలో ఏటేటా జరుగుతుంది, ఏటేటా మార్కులు పడతాయి, ఉల్లిగడ్డ మాత్రం ఏనాడూ ఆ గడప తొక్కదు.

ఈ రహస్యం నాకు తెలియడానికి కారణం, జన్యుశాస్త్రమూ, జీవి జన్యుక్రమం మొత్తాన్ని (జీనోమును) చదివే జీనోమిక్సూ డిగ్రీలో చదువుతున్న మా మేనకోడలు. మొన్నొక ఆదివారం ఆమె తన రికార్డు ఒళ్లో పెట్టుకొని, సీనియరు రికార్డు ఎదురుగా తెరుచుకొని, "మామా, నువ్వూ ఇదే చదివినావంట కదా, ఈ అనాఫేజ్ కొంచెం గీసియ్యి, నాకు చేయి తిరగడం లేదు" అన్నది. సీనియరు రికార్డు అందుకొని చూశాను. కణం చీలేముందు, జన్యువులను మోసే క్రోమోజోములు నడిమధ్యన బారులు తీరే మెటాఫేజ్ ఉన్నది, అవి రెండు వైపులకూ విడిపోయే అనాఫేజ్ ఉన్నది, పేజీ అడుగున ఎడమ మూలన గుండ్రటి వస్తువు ఒకటి ఉన్నది. దాని చుట్టూ దట్టమైన నల్లటి అంచు, లోపల శూన్యం, పక్కన బాణం గుర్తు వేసి 'విశ్రాంతి దశలోని కణం' అని రాత. జాతరలో తప్పిపోయిన బిడ్డను ఏళ్ల తర్వాత గుర్తుపట్టిన తండ్రివలె నాకు ఒళ్లు జలదరించింది. ఆ కణం నాది. 1998లో అదే గదిలో, అక్కడున్న ఒకే ఒక్క పాత స్లైడులో, కవర్‌స్లిప్ అనే పలుచటి గాజుపలక కింద చిక్కుకున్న గాలిబుడగను నేను నిష్ఠగా చూసి, నిష్ఠగా గీసి, లోపల ఏమీ కదలనందువల్ల అది విశ్రాంతి తీసుకొంటున్నదని నిర్ధారించాను. నా రికార్డును ఒక జూనియరు తీసుకుపోయాడు. ఆ తర్వాత దాని ఊసే నాకు లేదు. వంశం మాత్రం ఇన్నేళ్లుగా వర్ధిల్లుతూనే ఉన్నది.

జన్యుశాస్త్రాన్ని శోధించడానికి మెండల్ బఠాణీని ఎంచుకొన్నాడు, మోర్గాన్ పండ్ల ఈగను ఎంచుకొన్నాడు. మా కళాశాల వారు ఇద్దరినీ దాటిపోయి, ప్రాక్టికల్ రికార్డును ఎంచుకొన్నారని నాకు ఆ క్షణాన బోధపడింది. లోతుగా ఆలోచిస్తే అంతకన్నా అనువైన జీవి మరొకటి లేదు. దానికి మేత అక్కరలేదు, ఏడాదికొక తరం తప్పదు, సంతానం లెక్కలేనంత. డి.ఎన్‌.ఏ. ప్రతి నకలులోనూ ఒక పాత పోగు, ఒక కొత్త పోగు ఉంటాయని మెసెల్‌సన్, స్టాల్ 1958లో నిరూపించడానికి బరువైన నత్రజనితో నానా తంటాలు పడ్డారు. మా విద్యార్థి రికార్డులో సగం కాగితాలు సీనియరువి, సగం తనవి అని తెలుసుకోవడానికి మసకబారిన దారపు కుట్టు చూస్తే చాలు. అయితే ఒక తేడా ఉన్నది. కణం తన డి.ఎన్‌.ఏ.ను నకలు తీసేటప్పుడు వెంటవెంటనే దిద్దుకొంటూ పోతుంది, దిద్దుబాట్లన్నీ ముగిసేసరికి సుమారు వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగిలితే మిగులుతుంది. కంటికి కనబడని కణానికి ఉన్న ఆ సిగ్గు, కంటికి కనబడే మనుషులు నడిపే విభాగానికి లేదు. ఉల్లిలో క్రోమోజోములు 16. ఏ ఏడాదో జిరాక్స్ షాపులో 6 మీద సిరా మరక పడింది కాబోలు, నేడు ఆ కళాశాల ఉల్లిలో 18 ఉన్నాయి. అసిటోకార్మైన్ అనే ఎర్రరంగు మొదట అసిటోకార్మిన్ అయి, పిదప కార్మిక అయి, ప్రస్తుతం శ్రామికవర్గంలో చేరిపోయింది.

ఇక ప్రాక్టికల్ పరీక్ష దినాన జరిగేది చెప్పాలి. ఇది మా మేనకోడలి సీనియర్లు చెప్పినదే గాని, నేను చూసినదానికి భిన్నంగా ఏమీ లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పొరుగూరి నుంచి బస్సు దిగి పదింటికి వస్తారు. ఆయన వచ్చిన పావుగంటకు అటెండరు ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తీసుకొని వస్తాడు. ఉగ్గాణి మీద సన్నగా తరిగిన పచ్చి ఉల్లిముక్కలు గుప్పెడు. ఆ ప్లేటు ప్రయోగశాల బల్లల మధ్యగా, 'ఉల్లివేరు కొన స్క్వాష్ (నొక్కి పలుచన చేసిన స్లైడు) తయారుచేసి ఏవేని రెండు దశలను చూపుము' అని రాసివున్న ప్రశ్నపత్రాల మీదుగా, ముప్పై ఎనిమిది మంది విద్యార్థుల ముక్కుల కిందుగా ఊరేగింపుగా వెళుతుంది. ఆ గదిలో ఆ ఉదయం ఉల్లికి సంబంధించిన పదార్థం అదొక్కటే. అది కూడా పరిశీలకులవారి పొట్టలోకి పోతుంది. తర్వాత బీరువా తాళం కోసం వెతుకులాట. తాళం విభాగాధిపతి జేబులో, విభాగాధిపతి పెళ్లిలో. మనిషిని పంపి తాళం తెప్పించి, మైక్రోస్కోపును ఉత్సవ విగ్రహంవలె కిటికీ దగ్గర ప్రతిష్ఠించి, ఆ పాత స్లైడును దానికింద పెట్టి, విద్యార్థులను వరసలో నిలబెడతారు. ఒక్కొక్కరికీ నాలుగు క్షణాల దర్శనం. చూసినవారు చూసినట్టు "మెటాఫేజ్ సార్" అని ముందుకు కదులుతారు. ఒక ఏడు ఆ తాళం తెప్పించే హడావుడిలో మైక్రోస్కోపు అడుగున వెలుతురు పట్టే అద్దం గోడవైపు తిరిగిపోయింది, లోపల అమావాస్య. ఆ చీకట్లో ముప్పై ఏడుమంది మెటాఫేజును దర్శించారు. ఆదోని పక్కనుంచి వచ్చే ఒక పిల్లవాడు మాత్రం కన్ను తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టి, "ఏమీ కనబడ్డం లేదు సార్" అన్నాడు. అందరికన్నా తక్కువ మార్కులు అతనికే వచ్చాయి. చేతులు కడుక్కొని వచ్చిన ఎగ్జామినర్ వైవాలో ఉల్లికి క్రోమోజోములెన్ని అని అడిగారు. పిల్లలు 18 అన్నారు. తల ఊపారు. ఆయన తల ఏ రికార్డు వంశానిదో ఆ ఊపులోనే తెలిసిపోయింది.

చీకట్లో మెటాఫేజ్ చూడడం మనవాళ్లే కనిపెట్టిన విద్య కాదని న్యాయంగా ఒప్పుకోవాలి. మనిషికి 48 క్రోమోజోములని 1923లో పెయింటర్ అనే శాస్త్రవేత్త ప్రకటించాక, ముప్పై ఏళ్లకు పైగా మహామహులు మైక్రోస్కోపులో చూసి 48 లెక్కపెట్టారు. 1956లో చియో, లెవాన్ సరిగా లెక్కించి 46 అన్నారు. లోకం దిద్దుకొన్నది. మా కళాశాల ఉల్లిని ఎవరైనా దిద్దాలంటే ముందు ఉల్లి రావాలి. ఆ ప్రయోగానికి కావలసినదెంత? నీళ్లగ్లాసు మూతిమీద ఒక గడ్డను నిలిపితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. పొద్దున కొనలు కత్తిరించి, మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేసి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వెచ్చబెట్టి, రంగు వేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కాలి. ఆ పిల్లల్లో సగంమంది ఇళ్లలో గడ్డలు గుట్టలుగా ఉన్నాయి. మనిషి జీనోములో అక్షరాలు 300 కోట్ల పైచిలుకు కాగా తమ నాయన దారిపక్కన గుమ్మరించి వచ్చిన గడ్డలో దాదాపు 1,600 కోట్లు ఉన్నాయని, అంత ఎందుకున్నదో చెప్పబోయి పెద్దపెద్దవాళ్లు నేటికీ వాదులాడుకొంటున్నారని ఆ పిల్లలకు ఒక్కమాట చెప్పినవారు లేరు.

పూసల ప్రయోగం గురించి ఎక్కువ చెప్పను. సంచిలోంచి పూసలు తీసి లెక్కపెట్టి, మెండల్ చెప్పిన మూడుకు ఒకటి నిష్పత్తి వస్తున్నదో లేదో చూడాలి. మెండల్ అంతటివాడికి 5,474 నున్నటి బఠాణీ గింజలు, 1,850 ముడుతలు పడినవి వచ్చి నిష్పత్తి 2.96 దగ్గర ఆగిపోయింది. ఆయన లెక్కలు మరీ నున్నగా ఉన్నాయని 1936లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త అనుమానపడ్డాడు కూడా. మా రికార్డుల్లో అందరికీ 75, 25. సంచి కొనలేదు, పూసలు కొనలేదు, అందువల్ల పొరపాటుకు తావు లేదు. జీనోమిక్స్ ప్రయోగమైతే మరీ సులువు. కోట్లకొద్దీ జన్యుక్రమాలు ఎవరైనా ఉచితంగా చూసుకోగలిగిన ఈ కాలంలో, ఎవరో ఎన్నడో తీసిన ఒక ప్రింటు నకలుకు నకలు తీయించి అతికిస్తారు. అందులో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలూ నల్లగా కలిసిపోయి ఒకే అక్షరమయ్యాయి.

ఏడవ ప్రయోగం వంశవృక్షం. విక్టోరియా మహారాణికి రక్తం గడ్డకట్టని జబ్బు తాలూకు జన్యువు ఉండడం, ఆమె కొడుకు లియోపోల్డ్ దానితో పోవడం, కూతుళ్ల ద్వారా అది రష్యా యువరాజు దాకా చేరడం. గుండ్రాలు ఆడవారు, చతురస్రాలు మగవారు, పెళ్లికి మధ్య ఒక గీత, రక్తసంబంధీకుల పెళ్లికి రెండు గీతలు. మా మేనకోడలు ఆ పేజీ దగ్గర పెన్సిలు ఆపి, "మామా, మా అమ్మకూ నాయనకూ నడుమ రెండు గీతలు గీయాల కదా" అన్నది.

గీయాలి. మా చెల్లెలిని మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు. 1999లో, అంటే విక్టోరియా వంశవృక్షానికి నాకు పదికి పది మార్కులు వచ్చిన మరుసటి ఏడు, ఆ పెళ్లిలో నేనూ అక్షింతలు వేశాను. మేనమామకూ మేనకోడలికీ పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి దిగే అవకాశం ఎనిమిదింట ఒకటి అని, బావామరదళ్ల బిడ్డకు పదహారింట ఒకటి అని నా రికార్డు పక్క పేజీలోనే ఉండాలి. లేదు. లండన్ రాజప్రాసాదంలో ఎవరికి నెత్తురు గడ్డకట్టలేదో కంఠతా పట్టించినవారు, వాకిట్లోకి తొంగిచూడలేదు. మొదటి బిడ్డకు పుట్టుకనుంచి చెవులు వినబడవు. గ్రహణంనాడు కత్తి పట్టిందని మా చెల్లెలిని అన్నారు. ఇరవై ఏళ్లు అన్నారు. ఆమె నమ్మింది. రెండో కాన్పుకు ముందు, ఒక్కరికి వచ్చేసింది గనుక ఇక రాదని ధైర్యం చెప్పినవాళ్లూ ఉన్నారు. తల్లీతండ్రీ ఇద్దరూ తమకు లోపం లేకుండానే దాని జన్యువును మోసే వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు అది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అని, పాచిక పడ్డ ప్రతిసారీ కొత్తగానే పడుతుందని చెప్పగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే, నేనేమో 75, 25 అని రాసి మార్కులు తెచ్చుకొన్నవాణ్ణి. మేనరికంలో పుట్టిన బిడ్డలు ఎందరో నిక్షేపంగా ఉన్నారు. మా వాడి చెవుడుకు కారణం అదేనని నేను తీర్పు చెప్పడం లేదు, పరీక్ష చేయించనిదే ఎవరూ చెప్పలేరు. చేయించవచ్చునన్న సంగతి మాకు చెప్పే దిక్కు ఏదీ? ప్రతి ఏడూ డిగ్రీలు పుచ్చుకొని బయటికి వచ్చే వందలమందిలో ఎందరి ఇళ్లలోనో జంట గీతలు ఉండగా, ఆ గీతల అర్థం చెప్పవలసిన పుటను రాణిగారి కొడుకులతో నింపి సంతకం పెట్టే చేతికి ఏ రోగమని పేరు పెట్టాలి?

మా మేనకోడలు తన ఇంటి వంశవృక్షమే గీసింది. ఉల్లికి 16 అని రాసింది. మూలన ఉన్న గాలిబుడగను వదిలేసింది. వారం తిరగకుండా రికార్డు వెనక్కి వచ్చింది. వంశవృక్షం మీద అడ్డగీత కొట్టి 'సిలబస్‌లో లేదు' అని, 16ను 18 చేసి, ఉల్లివేరు బొమ్మ కింద ఎర్ర సిరాతో, 'పటం అసంపూర్ణం, విశ్రాంతి దశలోని కణం ఏది?' అని రాసి ఉన్నది. ఆ కళాశాలలో దిద్దుబాటు యంత్రాంగం లేదని ఇంతకుముందు అన్నమాటను నేను వెనక్కి తీసుకొంటున్నాను.

సోమవారం సంతకానికి గడువు. పిల్ల ఏడ్చి పడుకున్నాక, రాత్రి పదకొండింటికి ఆ బుడగను నేనే గీశాను. సీనియరు రికార్డు తెరవవలసిన పని పడలేదు, చేయి దానంతటదే తిరిగింది.