పుచ్చతోట గట్టు మీద ఒక పటం: వాదోపవాదం

(అనంతపురం జిల్లాలో ఒక పుచ్చతోట. ఉపగ్రహ చిత్రాలతో పటాలు గీసే మాధవి, తోట రైతు అయిన ఆమె చిన్నాయన. పటం చూడ్డానికి ముచ్చటగానే ఉంది, గొడవంతా దాని రంగుల మీదే.)

చిన్నాయన: ఏంది మాధవీ, ఎరుపంతా నా తోట మీదే పూశావు?

మాధవి: తేనెటీగలు తక్కువొచ్చే చోటు చిన్నాయనా. గూటికి జాగా, మేతకు పూలు, ఎగిరే దూరం, మూడూ కలిపి కట్టిన లెక్క ఇది. ఒంటరిగా బతికే ఈగల్లో చాలావరకు నేలలోనే బొరియ చేసుకుంటాయి. చిన్నవైతే కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. నీ చుట్టుపక్కల బీళ్లన్నీ దున్నేశారు.

చిన్నాయన: మరి మందు కొట్టింది ఏ రంగులో ఉంది? పక్కాయన పొద్దున్నే పూత మీద కొట్టాడంటే నీ ఆకుపచ్చ చోటులోనూ ఈగ ఉండదు.

మాధవి: అది ఉపగ్రహానికి కనబడదు.

చిన్నాయన: పుచ్చపువ్వు పొద్దున విచ్చి ఆ రోజే ముడుచుకుంటుంది. ఆలోపు ఆడపువ్వుకు పుప్పొడి చాలకపోతే పిందె రాలుతుంది, నిలిచినా కాయ వంకర. నాకు ఆ పూటకు ఈగ కావాల. తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చుకుంటే సరిపాయె.

మాధవి: కాలిఫోర్నియాలోని యోలో కౌంటీలో ఇదే పుచ్చ మీద చూశారు. అడవికి దగ్గరున్న సేంద్రియ తోటల్లో పెట్టెలు లేకుండానే అక్కడి ఈగలు సరిపోయాయని 2002లో తేలింది. కోస్టారికాలో ఒక కాఫీ తోటలోనైతే, అడవికి కిలోమీటరు లోపల దిగుబడి 20 శాతం ఎక్కువ. రెండు అడవి ముక్కల వల్ల ఏటా సుమారు 60,000 డాలర్ల లాభమని 2004లో లెక్కకట్టారు.

చిన్నాయన: ఇప్పుడూ అంతే వస్తోందా?

మాధవి: కాఫీ ధర పడిపోయాక కాఫీ చెట్లు తీసేసి అనాస వేశారు.

చిన్నాయన: అనాసకు ఈగతో పనేముంది! అడవి అడవిలాగే ఉంది, దాని ధర మాత్రం సున్నా అయింది. రేపు నేను ఈగ అక్కర్లేని జొన్న వేస్తే, ఈగలకు మేతిచ్చే తుమ్మచెట్లు కొట్టేయమంటుందా నీ పటం?

మాధవి: ధర రాయకపోతే, భూమి దేనికివ్వాలో తేల్చే మీటింగులో ఎవరూ వినరు. సోలార్ ప్లాంటుకు ఎకరాకు ఇంతని రేటుంది. బీడుకేముంది?

చిన్నాయన: రాసుకో. పక్కనే ఏ పంటకు ఆ ధరో కూడా రాయి. నేనైతే తూర్పు గట్టు వెంబడి రెండు మూరలు దున్నకుండా వదులుతా.

మాధవి: మా పటంలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. రెండు మూరలు అందులో తేలవు.

చిన్నాయన: అయితే చుక్క చిన్నది చేసుకో తల్లీ. గట్టుకు 10 మీటర్లు వదిలేంత భూమి నాకు లేదు.