మంచాన పడితేనే బీమా

మందుల దుకాణం ముందు ఒక అరగంట నిలబడి చూడండి. ఒక పెద్దాయన చీటీ ఇస్తాడు. అందులో ఐదు రకాల మాత్రలు, నెలకు సరిపడా. దుకాణదారు లెక్క కట్టి మొత్తం ఎంతో చెబుతాడు. పెద్దాయన కాస్త తటపటాయించి, 'వీటిలో తప్పనిసరిగా వేసుకోవలసినవి ఏవి?' అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన డాక్టరు అక్కడ లేడు. చివరికి రెండు రకాలు తీసుకుంటాడు, అవీ పది రోజులకే. దుకాణదారు కత్తెరతో మాత్రల షీటును రెండు ముక్కలు చేస్తాడు. గడువు తేదీ అచ్చయిన ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది.

ఆయన జేబులో ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు కూడా ఉండవచ్చు. గుండెకు ఆపరేషన్ చేయవలసి వస్తే ఆ కార్డే బిల్లు మొత్తం కడుతుంది. ఆపరేషన్ దాకా రానివ్వకుండా కాపాడే రక్తపోటు మాత్రకు మాత్రం అది చెల్లదు. రక్తపోటు ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి సరైన చికిత్స అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కార్డు ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో అన్నది వాటిలో ఒకటి, పైగా మనుషులు చేతులారా పెట్టుకున్నది.

బీమా మొదటి నుంచీ ఇలా లేదు. 1883లో బిస్మార్క్ కాలపు జర్మనీ తెచ్చిన అనారోగ్య బీమా చట్టంలో కార్మికుడికి డాక్టరు, మందులు, జబ్బుపడిన రోజులకు కొంత భృతి అన్నీ ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆస్పత్రులు పెద్దవై, వాటి బిల్లులూ పెద్దవయ్యాక బీమా అటు మళ్లింది. అమెరికాలో 1929లో డల్లాస్ నగరంలోని బేలర్ ఆస్పత్రి ఉపాధ్యాయులకు ఒక పథకం పెట్టింది. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజుల వరకు ఆస్పత్రిలో ఉండవచ్చు. ఆ పథకాన్ని రూపొందించింది రోగులు కాదు, ఆస్పత్రివారు. వారికి కావలసింది మంచాలు నిండడం, బిల్లులు వసూలు కావడం. తర్వాత వచ్చిన అనేక పథకాలకు ఆ పోలికలు అలాగే ఉండిపోయాయని నాకు అనిపిస్తుంది.

అమెరికానే చూడండి. వృద్ధుల కోసం 1965లో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా తెచ్చింది. 1972లో చట్టం సవరించి, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారిలో అత్యధికులకు వయసుతో పని లేకుండా డయాలసిస్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ మూత్రపిండాలు చెడిపోవడానికి ప్రధాన కారణాలు మధుమేహం, రక్తపోటు. వాటికి ఇంటి దగ్గర వేసుకునే మాత్రలు మెడికేర్ పరిధిలోకి వచ్చింది 2006లో. డయాలసిస్ యంత్రానికి, మాత్రకు మధ్య మూడు దశాబ్దాల ఎడం.

కెనడా కథ ఇంకా విడ్డూరం. ఇన్సులిన్‌ను 1921లో కనిపెట్టింది టొరంటోలోనే. దాని పేటెంటును పరిశోధకులు తలా ఒక డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అదే దేశం 1957లో ఆస్పత్రి ఖర్చుకు, 1966లో డాక్టరు ఖర్చుకు ప్రభుత్వ బీమా చట్టాలు చేసింది. ఈ రెంటి నడుమ, 1964లోనే, జస్టిస్ ఎమెట్ హాల్ నాయకత్వంలోని కమిషన్ మందులను కూడా చేర్చాలని సిఫారసు చేసింది. ఆస్పత్రి లోపల ఇచ్చే మందు ఉచితం. గడప దాటాక అదే మందుకు ఎవరు డబ్బు కట్టాలన్నది రాష్ట్రాన్ని బట్టి, వయసును బట్టి, ఉద్యోగాన్ని బట్టి మారుతూ వచ్చింది. మధుమేహం మందులతో జాతీయ స్థాయి ఔషధ బీమాకు చట్టం చేసింది 2024లో!

2018లో భారత్ మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ బీమా కూడా ఈ దారిలోనిదే. ఆస్పత్రిలో చేరితేనే అది వర్తిస్తుంది. చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చు, ఇంటికి వెళ్లాక పదిహేను రోజుల మందులు దానిలో కలుస్తాయి. పదహారో రోజున మధుమేహం అలాగే ఉంటుంది, బీమా ఉండదు.

ఇక్కడ ఆర్థికవేత్తలు ఒక మాట అంటారు. బీమా అనేది అరుదుగా వచ్చిపడే పెద్ద ఆపదకు, నెలనెలా వచ్చే చిన్న ఖర్చుకు కాదు. ఉచితమంటే జనం అవసరం లేకపోయినా ఎగబడతారు, కనీసం కొంత రుసుము పెట్టాలి. తీసిపారేయదగిన వాదన కాదిది. అమెరికాలో 1970లలో రాండ్ అనే పరిశోధన సంస్థ వేల కుటుంబాలను వేర్వేరు బీమా పథకాల్లో చేర్చి కొన్నేళ్లు గమనించింది. చేతి నుంచి కొంత కట్టవలసినవారు వైద్యం తక్కువగా వాడారు. సగటు మనిషి ఆరోగ్యానికి దానివల్ల పెద్ద తేడా రాలేదు కూడా. అయితే వారు మానుకున్నది అనవసర వైద్యాన్ని మాత్రమే కాదు, అవసరమైనదాన్నీ అంతే మానుకున్నారు. ఉచిత వైద్యం అందిన పేదల్లో రక్తపోటు మెరుగ్గా అదుపులోకి వచ్చింది. రుసుముకు పనికొచ్చే మందేదో, పనికిరానిదేదో తెలియదు. కత్తెరకు తెలియనట్టే.

రుసుములు పెట్టి వెనక్కి తగ్గిన ప్రభుత్వాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిన మంత్రి అన్యూరిన్ బెవన్, ప్రభుత్వం కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ రుసుము పెట్టినందుకు నిరసనగా 1951లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టారు. 1965లో తీసేశారు, 1968లో మళ్లీ పెట్టారు. ఇప్పుడు వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో అది లేదు. ఇంగ్లండ్‌లో ఉంది కానీ, మినహాయింపులు పోను పదింట తొమ్మిది మందులు ఉచితంగానే వెళ్తాయి. జర్మనీ 2004లో డాక్టరు దగ్గరికి వెళితే మూడు నెలలకు 10 యూరోలు కట్టమంది. జనం ప్రవర్తన ఆశించినంత మారలేదు, క్లినిక్‌లలో రసీదులు రాసే పని పెరిగింది. 2012లో పార్లమెంటు ఏకగ్రీవంగా ఆ రుసుము ఎత్తేసింది. అన్ని పార్టీలూ ఒక్క మాట మీద నిలిచిన సందర్భాలు అక్కడ మాత్రం ఎన్ని ఉంటాయి!

మందులనూ బీమాలో చేర్చాలని మా వైపు వాదించేవారిలో కూడా ఒక అతిశయోక్తి ఉంది. మందులు ఉచితంగా ఇస్తే ఆపరేషన్లు తగ్గి, ఖజానాకు లాభమే మిగులుతుందని అంటారు. అంత తేలిక కాదు. గుండెపోటు వచ్చినవారికి మందులు పూర్తిగా ఉచితంగా ఇచ్చి చూసిన ఒక అమెరికా ప్రయోగం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మందులు సరిగ్గా వాడేవారి వాటా నాలుగు నుంచి ఆరు శాతం పాయింట్లే పెరిగింది. ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మొత్తంగా చూస్తే గుండె, రక్తనాళాల ఉపద్రవాలు తగ్గాయి, బీమా సంస్థల ఖర్చు పెరగలేదు. కాబట్టి లాభం ఆశ చూపి ఈ పని చేయించడం నాకు ఇష్టం లేదు. ఆపరేషన్ గదికి డబ్బు కట్టేటప్పుడు అందులో మిగులు ఎంత అని ఎవరూ అడగరు. మాత్ర దగ్గరే ఈ లెక్క ఎందుకు?

థాయ్‌లాండ్ 2002లో వేరే దారి పట్టింది. ఒక్కసారి చూపించుకోవడానికి 30 బాత్‌లే తీసుకుని, ఓపీ నుంచి ఆపరేషన్ దాకా ఒకే పథకంలో పెట్టింది. ఓపీ విషయంలో ఆస్పత్రికి చేసిన పనిని బట్టి కాక, దాని కింద నమోదైన మనుషుల తలకు ఇంత అని డబ్బు ఇస్తారు. ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ కట్టే చోట, చక్కెరను అదుపులో పెట్టిన డాక్టరుకు రాబడి లేదు, కాలు తీసేసిన డాక్టరుకు ఉంది. తలసరి పద్ధతిలో జబ్బు ముదరకపోవడం ఆస్పత్రికీ మేలే. ఈ పద్ధతికీ ఒక చిక్కుంది, తక్కువ వైద్యంతో సరిపెట్టాలన్న కోరిక పుడుతుంది, కాపలా కావాలి. మందుల ధర విషయంలోనూ ఆ దేశం ఊరుకోలేదు. గుండె జబ్బుల్లో వాడే క్లోపిడోగ్రెల్‌కు 2007లో నిర్బంధ లైసెన్సు ఇచ్చి, పేటెంటు ఉన్నా చవక రకాన్ని తెప్పించుకునే దారి తెరిచింది.

పథకాల వార్షిక ప్రకటనల్లో ఎన్ని ఆపరేషన్లు చేశారో, ఎంత సొమ్ము చెల్లించారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కార్డుదారుల్లో ఎందరి రక్తపోటు అదుపులో ఉందో, ఎందరు పన్నెండు నెలలూ మందు తీసుకెళ్లారో ఆ పక్కనే మరో గడిలో వేయవచ్చు. పెద్దాయన కొన్న పది రోజుల మాత్రలు అప్పుడు ఏదో ఒక లెక్కలోకి వస్తాయి. ఇప్పటికైతే అవి దుకాణదారు పుస్తకంలో మాత్రమే ఉన్నాయి.