మూడో గంట మోగేలోగా: రవీంద్ర భారతి పరిసర దర్శనం

హైదరాబాదులో నాటకానికి కాలం చెల్లిందని వాపోయే పెద్దలకు రవీంద్ర భారతి గురించి సరైన అవగాహన లేదని సవినయంగా మనవి చేయవలసి వస్తోంది. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి పేర కట్టి, 1961 మే నెలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ప్రారంభించిన ఆ వేదిక మీద ఈనాటికీ ఒక ప్రదర్శన దిగ్విజయంగా నడుస్తూనే ఉంది. దాని పేరు సన్మానం. నాటకమన్నది ఆ ప్రదర్శనకు చివర్లో కలిగే చిన్న అంతరాయం.

ఆహ్వాన పత్రిక మీద 'సాయంత్రం సరిగ్గా 6 గంటలకు' అని ఉంటుంది. ఆ 'సరిగ్గా' అన్న మాటను నమ్మి వెళ్లిన అమాయకులకు, నాటకం మొదలవుతోందని చెప్పే మూడో గంట మోగేదాకా ఎలాగూ తీరికే కనుక, నిర్వాహకులు దూరదృష్టితో ప్రసాదించిన ఈ విరామాన్ని పరిసర దర్శనానికి వినియోగించుకోవాలని నా సూచన. మాట నమ్మడం మాత్రం అలవాటు చేసుకోకూడదు. పక్కనే ఉన్న లక్డీకాపూల్‌లో లక్డీ పూల్, అంటే కొయ్య వంతెన, కనిపించడం లేదని ఎవరైనా తగాదా పెట్టుకుంటున్నారా? అలాంటప్పుడు నాటకమని అచ్చు వేసిన చోట నాటకం కనిపించలేదని అలగడం సంస్కారం కాదు.

పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియాన్ని సాయంత్రానికే మూసేస్తారు గనుక, శ్రద్ధగల ప్రేక్షకుడు మధ్యాహ్నమే బయల్దేరి ముందుగా అక్కడి ఈజిప్టు మమ్మీని దర్శించుకోవడం మంచిది. ఆరో నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాముకు కానుకగా ఇచ్చిన ఆ రాకుమారి, రెండు వేల ఏళ్లకు పైగా కదలక మెదలక, దగ్గక, గడియారం చూసుకోక పడుకుని ఉంది. సన్మాన సభలో ముందు వరుసలో కూర్చోవడానికి కావలసిన యోగ్యతలన్నీ నగరం మొత్తంలో ఆమె ఒక్కతెకే ఉన్నాయి.

ఆ పొరుగునే శాసనసభ ప్రాంగణం ఉంది. ఆరో నిజాము నలభయ్యో పుట్టినరోజుకు గుర్తుగా 1905లో పునాది వేసి, 1913 నాటికి టౌన్ హాలుగా పూర్తి చేసిన పాత భవనం అందులోనిదే. అక్కడి ప్రదర్శనలు ఇంటి దగ్గర టీవీలోనే వస్తాయి కనుక ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

నౌబత్ పహాడ్ మీద మాత్రం తీరిగ్గా గడపాలి. ఒకనాడు నగారాలు మోగించి రాజాజ్ఞలు చాటిన ఆ గుట్ట మీద, 1976లో రెండు వేల టన్నుల తెల్ల చలువరాతితో బిర్లా మందిరం వెలిసింది. ధ్యానానికి భంగం కలగకూడదని ఆ గుడిలో గంటలు పెట్టలేదు. కింద రవీంద్ర భారతిలో మోగవలసిన గంటలు మోగవు, పైన గుడిలో అసలు గంటలే లేవు. ఇంత ప్రశాంతమైన పేట మరెక్కడా ఉండదు. ఆ పక్కనే 1985లో నందమూరి తారక రామారావు ప్రారంభించిన ప్లానెటేరియం ఉంది. అక్కడ మాత్రం ఆట చెప్పిన వేళకే మొదలవుతుందంటే కారణం ఒక్కటే: గ్రహాలకు శాలువా కప్పే ఆచారం ఇంకా రాలేదు.

కొండ దిగి హాల్లో అడుగుపెట్టేసరికి ఇంకా జ్యోతి ప్రజ్వలనమే జరుగుతూ ఉంటుంది. ఏసీ గాలికి వత్తి అంటుకోదు. అంటుకున్న ఒక్క వత్తి దగ్గరే ఏడుగురు అతిథులు ఒకే కొవ్వొత్తి మీద చేతులు వేసి, ఫొటోగ్రాఫరు "ఇటు సార్, ఇంకొక్కటి సార్" అన్నంతసేపూ వత్తిని కాక కెమెరాను చూస్తూ నిలబడతారు. తరువాత శాలువాలు వస్తాయి. నేను మూడో వరుసలోంచి గమనించిన ఒకానొక శాలువాకు అంచున ధర చీటీ వేలాడుతూ ఉంది. కప్పినవారు దాన్ని సుతారంగా లోపలికి మడిచారు, కప్పించుకున్నవారు అంతే సుతారంగా బయటికి తీసి చదువుకున్నారు. నటనంటే ఇదీ! పూర్వం పద్యం బాగుంటే ప్రేక్షకులు వన్స్ మోర్ అనేవారు. ఇప్పుడు వక్తలు ఆ శ్రమ మనకు ఇవ్వకుండా, "ఇంతటితో ముగిస్తున్నాను" అన్న ప్రతిసారీ తమకు తామే వన్స్ మోర్ చెప్పుకుంటున్నారు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు దుర్యోధనుడు వచ్చాడు. అయిదింటికే ముఖానికి రంగు వేసుకున్న మనిషి. చెమటకు ఒక మీసం అప్పటికే కొంచెం జారింది. గద భుజాన వేసుకుని, ఊపిరి బిగించి, రాగం అందుకోబోతుండగా మైకు గరగరమంది: "ఒక్క నిమిషం. మన దుర్యోధనుడి గారిని కూడా ఈ సందర్భంగా సత్కరించుకుందాం." కిరీటం మీదుగా శాలువా పడదు కనుక కిరీటం తీయించారు. గద అడ్డం వస్తోందని కార్యదర్శి గారు దాన్ని తాము పుచ్చుకున్నారు. గ్రూపు ఫొటో చాలా బాగా వచ్చింది.